వెయ్యి బస్కీల కాళ్లు

పోయిన వారం కిష్టయ్య హోటల్ ముందర తుకారాం ఉస్తాద్ ఒక మాట అన్నాడు. అన్న మాటను వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు పుట్టుకతో లేదు.

గద్వాల కుస్తీల తాలీం తాళంచెవి ముప్పై ఏళ్లకు పైగా ఆయన మొలతాడుకే వేలాడుతోంది. ఆ ఎర్రమట్టిలో ఆరేళ్లు పొర్లిన సొంత మేనల్లుడు కురుమూర్తి ఎనిమిది నెలల కింద తాలీం విడిచిపెట్టాడు. ఇంటి పెరట్లో సొంతంగా రాళ్లు ఎత్తుకుంటున్నాడు. అదైనా రోజూ కాదు. వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున. మిగిలిన రోజుల్లో మగ్గం నేస్తాడు, తింటాడు, పడుకుంటాడు. ఆ సంగతి నలుగురి ముందర విన్న ఉస్తాద్ చాయ్ సాసర్ కింద పెట్టి అన్నాడు: "దసరా నాడు తాలీం గుండును వాడు భుజం మీదికి ఎత్తనీ. నా తాళంచెయ్యి వాని చేతుల పెడ్త. ఎత్తకపోతే ఏడాది దినం నా పిల్లగాండ్లతోని కలిసి రోజుకు వెయ్యి బస్కీలు తియ్యాలె. మల్ల రాళ్ల ముచ్చట ఎత్తొద్దు."

పొద్దుగూకే లోపల కురుమూర్తి దగ్గర నుంచి 'సరే' అని కబురు వచ్చింది.

గుండు తొంభై కిలోల నల్లరాయి. గుండ్రంగా, నున్నగా ఉంటుంది. దసరా నాడు దానికి నూనె, పసుపు పూసి తాలీం వాకిట్లో పెడతారు. దాన్ని ఆఖరుసారి భుజానికి ఎత్తిన మనిషి తుకారామే. అప్పటికి ఆయన వయసు ఇరవై తొమ్మిది. ఇప్పుడు యాభై ఎనిమిది. ఈ నడుమ ప్రతి దసరాకూ ఎవరో ఒకరు దాని మీద చెయ్యి వేశారు, నడుము పట్టుకుని ఇంటికి పోయారు.

దసరాకు ఇంక పది రోజులున్నాయి.

ఆ రోజు పెత్రమాస, పెద్దల అమావాస్య. అమావాస్య నాడు గద్వాలలో మగ్గం ముట్టరు. రోజూ వీధి పొడుగునా వినపడే టకటక లేకపోతే, ఊరికి చెవుడు వచ్చినట్టు ఉంటుంది. తుకారాం పొద్దున్నే తాలీంలో కూర్చుని లేస్తూ వెయ్యి బస్కీలు తీశాడు. స్నానం చేసి, నాలుగేళ్ల కింద పోయిన భార్య లక్ష్మీదేవమ్మ పేరు మీద బియ్యం, కూరగాయలు జంగమయ్యకు ఇచ్చాడు. ఆ తర్వాత వండిపెట్టే దిక్కులేని ఇంట్లో కూర్చోలేక చెల్లెలు సత్యమ్మ ఇంటికి నడిచాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ గడప తొక్కడం. బువ్వ ఒక సాకు. మేనల్లుడు పొద్దెక్కేదాకా పడుకుని ఉంటే కళ్లారా చూసి, రేపు కిష్టయ్య హోటల్‌లో చెప్పాలన్నది అసలు పని.

సత్యమ్మ గుమ్మంలో కూర్చుని బచ్చలికూర తెంపుతోంది. తల ఎత్తి చూసి, మళ్లీ కూరలోకి వంగింది.

"ఏంది అన్నా, మా తొవ్వ మర్సినవనుకున్న."

"పెత్రమాస గదా. మీ వదినె పేరు మీద ఇంత బువ్వ తిందామని వచ్చిన."

"బువ్వకే వచ్చినవా, మా పెరడు సూసిపోదామని వచ్చినవా?"

"ముందుగాల నీళ్లియ్యి. వాడేడి? పండుకున్నడా?"

"ఇయ్యాల పండుకునే దినం గాదు. రాళ్ల దినం. పో, నీ కండ్లతోనే సూడు. నేను జెప్తే నమ్మవు."

పెరట్లో రెండు పంగ కర్రలు పాతి ఉన్నాయి. వాటి మీద అడ్డంగా బోరు పైపు. పైపు రెండు కొసలకూ ఇసుర్రాళ్లు తొడిగి ఉన్నాయి. అన్నీ పై రాళ్లే. వాటికే నడుమ నిలువునా తూము ఉంటుంది. ఊళ్లో కరెంటు పిండిగిర్ని వచ్చిన తర్వాత ఇంటింటా మూలకు పడినవాటిని కురుమూర్తి ఒక్కొక్కటీ మోసుకొచ్చాడు. పత్తి విత్తనాల సేటు కాంటా మీద తూకం వేయించి, ఎంత బరువో సున్నంతో రాసుకున్నాడు.

కురుమూర్తి పంగ కర్రల దగ్గర నిలబడి అరచేతులకు పాత ధోతి ముక్కలు చుట్టుకుంటున్నాడు. వయసు ఇరవై ఐదు. ఎనిమిది నెలల కింద తాలీం నుంచి పోయినప్పుడు వాడు నూలు కండెకు గుచ్చిన పుల్లలా ఉండేవాడు. ఇప్పుడు మెడ, భుజం కలిసిన చోట కండ గట్టు కట్టి ఉంది. తొడలు లుంగీలో పట్టడం లేదు. తుకారాం అదంతా ఒక్క చూపులో చూశాడు. కళ్లు చూసినదాన్ని మనసు ఒప్పుకోకపోతే మనిషి వంకలు వెతుకుతాడు. ఆయనా వెతికాడు.

"ఏందిరా, ఊర్ల ఇసుర్రాళ్లన్ని ఈడనే ఉన్నయి. గిర్ని పెడ్తున్నవా?"

కురుమూర్తి ఉలిక్కిపడి, వంగి కాళ్లు మొక్కాడు. "గిర్ని వచ్చినంకనే గదా మామా నాకు దొరికినయి. పై రాళ్లు నాకు, కింది రాళ్లు బట్టలుతుక మా అమ్మకు."

పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు. కోడేరు నుంచి వచ్చి ఏడాదిగా గద్వాల బడిలో డ్రిల్లు చెబుతున్న సామ్యూల్. అంతకు ముందు పన్నెండేళ్లు మిలిటరీలో ఉన్నాడు. కురుమూర్తి తలలో ఈ రాళ్ల పురుగును వదిలింది ఆయనే.

"నమస్తే ఉస్తాద్. మంచి టయానికొచ్చినవు."

"నీతోని నాకేం నమస్తే సారూ. కానియ్యి. మీ పావుగంట కసరతు జూసిపోత."

సామ్యూల్ నవ్వి ఊరుకున్నాడు. చేతిగడియారం చూసుకుని, కురుమూర్తికి తల ఊపాడు.

కురుమూర్తి పైపు కింద దూరి, దాన్ని మెడ వెనక భుజాల మీదికి తీసుకుని ఒకడుగు ముందుకు వేశాడు. నూట పది కిలోలు. తుకారాం జన్మలో లక్షల బస్కీలు చూశాడు. తాలీంలో బస్కీ అంటే ఊపిరికి ఒకటి. కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం, అంతే. ఇది అట్లా లేదు. వాడు దిగడానికి సామ్యూల్ నాలుగు లెక్కపెట్టాడు. లేవడానికి మళ్లీ నాలుగు. ఆరో దానికి మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఎనిమిదో దానికి వాడి గొంతులోంచి ఈనే బర్రె మూలుగు లాంటిది బయటికి వచ్చింది. తొమ్మిదోది సగం దాకా లేచి నిలిచిపోయింది.

"నూకు," అన్నాడు సామ్యూల్, మెల్లగా.

పైపు వేలెడు కూడా కదల్లేదు. కురుమూర్తి ముఖం ఎర్రబడి, తర్వాత నల్లబడింది. పది లెక్కపెట్టేంత సేపు అట్లాగే నూకాడు. ఇక వశం కాక, ఇరుపక్కలా పేర్చిన ఇసుక బస్తాల మీదికి పైపును దించి బయటికి పాకాడు.

"అయిపాయె," అన్నాడు సామ్యూల్.

"ఏమయిపాయె? తొమ్మిదేనా?"

"తొమ్మిది గూడ గాదు ఉస్తాద్. ఎనిమిదిన్నర."

"ఇంకోసారి తియ్యడా?"

"నాలుగు దినాలు ఆగినంక తీస్తడు."

తర్వాత కురుమూర్తి నడుముకు ఒక రాయి కట్టుకుని పెరటి వాసానికి వేలాడి, గడ్డం వాసం దాటేదాకా ఒళ్లు పైకి లాగాడు. పైపును రొమ్ము నుంచి తల మీదికి ఎత్తాడు. ఆఖరుకు ఇంకో రెండు రాళ్లు తొడిగి, దాన్ని నేల మీది నుంచి నడుము దాకా లేపాడు. ఒక్కొక్కటీ ఒకే విడత. ఒక్కొక్కటీ ఇక కదలనంత దాకా. ఆ తర్వాత గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. మొత్తం పదమూడు నిమిషాలు.

తుకారాంకు వాడి ముఖం తెలుసు. అట్లాంటి ముఖం తాలీంలో చూసి చాలా ఏళ్లయింది. అయినా నోరు ఊరుకోలేదు.

"గింతకేనా? మా తాలీంల పిల్లగాండ్లు గింతసేపు లంగోటి కట్టుకుంటరు. ఇయ్యాల పొద్దుగాల నేను వెయ్యి తీసి వచ్చిన. యాభై ఎనిమిదేండ్ల ముసలోన్ని."

"వెయ్యి తీసినోనికి పది ఎంతసేపు ఉస్తాద్?" అన్నాడు సామ్యూల్. "సగం బరువే పెడ్త. వానిలెక్కనే దిగుటకు నాలుగు, లేచుటకు నాలుగు. పది తియ్యి. తీస్తే రేపటి సంది నేను గూడ నీ తాలీంల మట్టి తొక్కుత."

వంటింటి తలుపు దగ్గర సత్యమ్మ గరిటెతో సహా వచ్చి నిలబడింది. అది చూశాక తుకారాంకు వెనక్కి పోయే దారి లేకపోయింది. ఆయన ధోతి ఎగగట్టాడు.

ఒకటి. ఇదేం బరువు అనుకున్నాడు. రెండు. మూడు. నాలుగో దానికి, ఆయన కాళ్లకు తెలియని ఒక సంగతి తెలిసింది. తాలీంలో పైకి లేచిన ప్రతిసారీ కాళ్లకు రెప్పపాటు విరామం ఉంటుంది. ఇక్కడ సామ్యూల్ లెక్క ఆ విరామాన్ని మింగేస్తోంది. ఐదో దానికి తొడల్లో నిప్పు రాజుకుంది. ఆరో దానికి మోకాళ్లు కొత్తగా పుట్టిన దూడ కాళ్లలా వణికాయి. ఏడోదానికి దిగాడు. దిగినవాడు లేవలేదు.

"నూకు ఉస్తాద్."

నూకాడు. పళ్లు కొరికి, కళ్లు మూసి నూకాడు. పైపు బస్తాల మీద ఆనింది. సామ్యూల్ చంకల కింద చేతులు వేసి ఆయనను బయటికి లాగి గోడ వారన కూర్చోబెట్టాడు.

"అన్నా," అంది సత్యమ్మ, "పొద్దుగాలటి వెయ్యి, ఇప్పటి ఆరు. మొత్తం వెయ్యిన్ని ఆరు. మంచిగున్నది."

కురుమూర్తి కళ్లు మూసుకునే నవ్వాడు. తుకారాం తిడదామనుకున్నాడు. ఊపిరి చాలలేదు. విచిత్రమేమంటే, కోపం కూడా చాలలేదు. తొడలు కొట్టుకుంటున్నాయి. చెవుల్లో నెత్తురు మోగుతోంది. ఒళ్లు పడుచుతనంలో ఎప్పుడో మరిచిపోయిన ఒక రుచిని మళ్లీ చూసినట్టు ఉంది.

"రేపు, ఎల్లుండి జర పైలం," అన్నాడు సామ్యూల్. "మెట్లు దిగలేవు."

"నేను దిగలేనా? చూద్దాం తియ్యి. మరి మిగిలిన దినాలు వీడు ఊకె పండుకునుడు ఏందిరా? కండ పనితోని పెరుగుతదా, నిద్రతోనా?"

కురుమూర్తి కళ్లు తెరిచాడు. "మామా, మగ్గం మీద పోగు తెగితే ఏం జేస్తవు?"

"ఆపి అతుకుత."

"ఆపకుంట దెబ్బ మీద దెబ్బ కొడితే?"

"బట్టల కంత వడ్తది. గది సాలెపోల్ల ఇంట్ల పుట్టిన పసిపోరనికి గూడ తెల్సు."

"ఇదీ గంతే. ఇప్పుడు లోపల పోగులు తెగినయి. నాలుగు దినాలు ఒల్లు అతుక్కుంటది. అతికిన చోట ముడి పాత పోగు కన్న లావుంటది. తాలీంల మేం అతకనియ్యక ముందే మల్ల కొడ్తుంటిమి. అందుకే నీ దగ్గర ఆరేండ్లు ఉండి గూడ సన్నగనే ఉన్న. గుండుకు ముందుగాల ఇంకొక్కసారే ఎత్తుత. ఆఖరి ఆరు దినాలు ఏం ముట్ట."

"ఆరు దినాలు ముట్టక గుండు ఎత్తుతవా? నేను తొమ్మిది దినాలు తాలీం ముట్టకుంట ఎత్తిన. ముట్టి ఉంటే ఇంకో మణుగు ఎత్తుదును."

ఈ మాట ఆయన ఇరవై తొమ్మిదేళ్లుగా అంటున్నదే. ఊళ్లో అందరికీ నోటికొచ్చు. ఆ రోజు మాత్రం సత్యమ్మ లోపలికి పోబోయి ఆగింది.

"ముట్టకుంట ఎందుకున్నవో యాదికున్నదా?"

"ఎందుకుండదు. నీ వదినె తాళంచెయ్యి దాసింది. దసరా ముందట తాళం పగలగొడితే మంచిది గాదని అప్పటి పెద్ద ఉస్తాద్ అనె. తొమ్మిది దినాలు ఇంట్ల తిని పండుకున్న, ఎద్దు లెక్క."

"దాసింది నా ముందటనే. జరీ డబ్బాల. ఎందుకు వదినె, అన్న సంపుతడు అంటే ఏమన్నదో జెప్పాల్నా? 'రోజుకు రెండు వేల బస్కీలు తీసి మనిషి అరిగిపాయె సత్తెమ్మా. మొన్న గుండును మోకాలు దాక గూడ లేపలే. ఇంత పండుకుని లేస్తెనే ఎత్తుతడు. జెప్తే ఇనడు' అన్నది."



గుండు ఎత్తిన తర్వాత తుకారాం నెల రోజులు భార్యతో మాట్లాడలేదు. తాళంచెవి దాచినందుకు. ఆమె కూడా ఎప్పుడూ సంజాయిషీ ఇవ్వలేదు. పళ్లెం ముందు పెట్టేది, తీసేది. ఆ తర్వాత ఇరవై ఐదేళ్లు కాపురం చేసి, ఒక్కసారి కూడా 'నా వల్లనే ఎత్తినవు' అనకుండా పోయింది. మనిషి ఒక తప్పు తెలుసుకోవడానికి ఇరవై తొమ్మిదేళ్లు పడితే దాన్ని పట్టుదల అనరు. తుకారాంకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. గోడకు ఆనుకుని, వణుకు తగ్గని తొడల మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న రాళ్లను చూస్తూ కూర్చున్నాడు. ఏడవలేదు. లోపల ఎక్కడో బిగించి కట్టిన తాడు ఒకటి వదులైనట్టు అనిపించింది. అంతే.

"బువ్వ పెట్టు," అన్నాడు కొంచెంసేపటికి.

చేతులు కడుక్కోవడానికి కురుమూర్తి అరచేతుల గుడ్డలు విప్పాడు. అప్పుడు చూశాడు తుకారాం. లేచి, గోడ పట్టుకుని నడిచి, వాడి చెయ్యి అందుకున్నాడు. బొటనవేలితో అరచేతిని నొక్కాడు. వెన్న. ఒక్క కాయ లేదు. ఎనిమిది నెలలు క్వింటా బరువులు లేపిన చెయ్యిలా లేదు అది.

"రోజూ ఈ గుడ్డ కడ్తవా?"

"కట్టకపోతే అమ్మ మగ్గం మీద కూర్సోనియ్యది. చెయ్యి గరుకైతే పట్టు లేస్తది గదా."

గద్వాల చీరకు నడుమ నూలు, అంచులు పట్టు, కొంగు పట్టు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తే గాని అంచు నడుమతో కలవదు. సత్యమ్మ ఒక పక్క, కురుమూర్తి ఒక పక్క. అరచేతిలో కాయ ఉన్నవాడు పట్టు ముడితే పోగు రేగుతుంది. రేగిన పోగు చీరను చంపుతుంది. ఈ సంగతి తుకారాం కన్నా బాగా తెలిసినవాడు గద్వాలలో లేడు. గుండు కోసం చేతులు గరుకు చేసుకుని, ఆ దసరా తర్వాతే ఒక పెళ్లిచీర కొంగును పాడుచేశాడు. చీరల సేటు ఆయనకు మళ్లీ పట్టు ఇవ్వలేదు. ఆయన అడగలేదు. అప్పటినుంచి లక్ష్మీదేవమ్మ, సత్యమ్మ కలిసి పట్టు నేస్తుంటే ఆయన పక్క మగ్గం మీద నూలు పంచెలు నేశాడు.

ఇప్పుడు ఆ మెత్తటి అరచేయి ఆయన చేతిలో ఉంది. దసరా నాడు ఏమవుతుందో ఆయనకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఊరుకుంటే చాలు. తాళంచెవి మొలతాడుకే ఉంటుంది. మేనల్లుడు తాలీంకు తిరిగొస్తాడు. ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేరు.

పప్పు, బచ్చలికూర, పరమాన్నం వడ్డించింది సత్యమ్మ. తుకారాం మొదటి ముద్ద తీసి పక్కన పెట్టాడు, పోయినామె పేరు మీద. రెండో ముద్ద కలుపుతూ ఆగాడు.

"సత్తెమ్మా, ఆముదం ఉన్నదా?"

"బువ్వలకా?"

"తే."

ఎంగిలి చెయ్యి కడుక్కుని, పెరట్లో బట్టలుతికే కింది ఇసుర్రాయికి తానే ఆముదం పూశాడు. ముప్పై కిలోలుంటుంది. "ఎత్తు," అన్నాడు. "కింద వేళ్లు పెట్టకు. గుండుకు పెట్టనియ్యరు. రెండు అరచేతుల నడుమ ఒత్తి ఎత్తు."

కురుమూర్తి నవ్వుతూ వంగాడు. ముప్పై కిలోలు వాడికి లెక్కలోది కాదు. రాయి మోకాలి దాకా వచ్చింది. అక్కడ జారింది. కాలు వెనక్కి తీయకపోతే వేళ్లు నలిగిపోయేవి. నవ్వు ఆగింది. మళ్లీ ఒత్తాడు. మళ్లీ జారింది. మూడోసారికి అరచేయి అంచున తోలు లేచింది.

"ఆ దినం గుడ్డ ఇప్పుత గదా అనుకున్న," అన్నాడు చెయ్యి చూసుకుంటూ.

"ఎనిమిది నెలలు కాళ్లకు నేర్పినవు, వీపుకు నేర్పినవు. అరచేతికి ఏం నేర్పినవురా? కండ ఎత్తుతది, కాదనను. కాని రాయిని పట్టుకునేది తోలు."

సామ్యూల్ తల గీరుకున్నాడు. "నేనెన్నడు గుండు ఎత్తంగ సూడలే ఉస్తాద్. గుడ్డ కడితే బరువు మంచిగ లేస్తదని ఊకున్న. నా తప్పే."

"రేపటి సంది తొమ్మిది దినాలున్నది. రోజు వట్టి చేతులతోని ఈ రాయిని పెరట్ల దొర్లియ్యాలె. ఎత్తొద్దు. ఒల్లు పండుకోని, నాకేం. చేతులు మాత్రం పండుకోవద్దు. మొదటి మూడు దినాలు పొక్కులొస్తయి. ఆరో దినానికి తోలు ముదురుతది."

ఉస్తాద్ నోట 'ఒల్లు పండుకోని' అన్న మాట వచ్చిందని కురుమూర్తి, సామ్యూల్ ముఖాలు చూసుకున్నారు. సత్యమ్మ మాత్రం గరిటె కింద పెట్టింది.

"మరి నా చీరెట్ల?"

చేత్తో లోపలి మగ్గం వైపు చూపించింది.

"కొంగు సగం మిగిలింది. అంత పట్టే. దసరా పొద్దుగాలకు పెండ్లోల్లు వస్తరు. ఆ పొక్కుల చెయ్యితోని నా మగ్గం ముట్టనియ్య. వీని గుండు వీనికి ఎక్కువైతే నా చీర నాకు ఎక్కువ."

"ఇంకొకల్లను కూర్సోవెట్టుకో," అన్నాడు తుకారాం.

"దసరా ముందట గద్వాల్ల ఖాళీ చేతులు యాడున్నయి? ఒక్క నీయే ఉన్నయి."

"నా చెయ్యి పట్టుకు పనికిరాదని ఊరంత తెల్సు."

"ఊరి ముచ్చట వద్దు. నువ్వెన్నడన్న మల్ల సూసుకున్నవా?" సత్యమ్మ అన్న చెయ్యి లాక్కుని అరచేయి వెల్లకిలా తిప్పింది. "గుండు ఎత్తినంక మల్ల రాయి ముట్టలే నువ్వు. ముప్పై ఏండ్లు తాలీం మట్టిల నూనె, మజ్జిగ, పసుపు పోసి పిసికినవు. ఈ చెయ్యి ఏం గరుకున్నది? నా దానికన్న మెత్తగున్నది."

తుకారాం తన అరచేతిని మరొకరిదాన్ని చూసినట్టు చూసుకున్నాడు.

"ఇప్పుడే పట్టు మీద పెట్టి సూద్దాం పా," అన్నాడు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

"అమాస. ఇయ్యాల మగ్గం ముట్టం. రేపు తెల్లారంగ రా."

"మామా," అన్నాడు కురుమూర్తి మెల్లగా, "నువ్వు కూర్సుంటే నేను ఎత్తుత. నేను ఎత్తితే నీ తాళంచెయ్యి పోతది."

"నోరు మూసుకుని పరమాన్నం తిను. ఎత్తినంక మాట్లాడుదువు."

ఆ మధ్యాహ్నం తుకారాం ఇల్లు చేరడానికి మామూలు కన్నా రెండింతలు సేపు పట్టింది. చేతులకు ఆముదం రాసుకుని, తువ్వాలలో చుట్టుకుని పడుకున్నాడు. సాయంత్రం తాలీంకు పోలేదు. ఎవరూ తాళంచెవి దాచలేదు. మొలతాడుకే ఉంది. ఆయనకే లేవాలనిపించలేదు. వీధిలో ఆడవాళ్లు తంగేడు పూలు తెంపుకొచ్చి బతుకమ్మ పేర్చుకుంటున్న సందడి వింటూ, కడుపు నిండిన మనిషిలా నిద్రపోయాడు.

తెల్లవారి లేవబోయి, లేవలేకపోయాడు. తొడలు ఎండిన మొద్దుల్లా బిగుసుకుపోయాయి. మోకాలు వంచితే ప్రాణం పోయినంత పని. గోడ పట్టుకుని, గడప దాటి, వీధిలో అడుగుకొకసారి ఆగుతూ చెల్లెలి ఇంటికి చేరేసరికి ఎండ పొడిచింది.

"వెయ్యి బస్కీల కాళ్లు ఏమాయె అన్నా?"

"ఏం గాలే. చెయ్యి చూసుకో, కాళ్లతోని నీకేం పని."

"మగ్గం గుంటల దిగేది కాళ్లతోనే."

నిజమే. గుంట మోకాళ్ల లోతు. ఆయన అంచున చతికిలబడి, ఒక్కొక్క కాలునూ రెండు చేతులతో ఎత్తి, లోపలికి దించుకున్నాడు. పళ్ల మధ్య నుంచి వచ్చిన మూలుగును దగ్గుగా మార్చాడు. పెరటి తలుపు తెరిచే ఉంది. అక్కడ కురుమూర్తి రాయి పక్కన గొంతుక్కూర్చుని, వట్టి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. మామ చెయ్యిని పట్టు మీద చూసి తల్లి 'సరే' అనేదాకా వాడు రాయి ముట్టకూడదని ఆన.

సత్యమ్మ మగ్గం మీద కప్పిన గుడ్డ తీసింది. నేసినంత మేర కొంగు పట్టు నెమలికంఠం రంగులో మెరిసింది. ఇరవై తొమ్మిదేళ్లయింది తుకారాం ఇంత దగ్గర నుంచి పట్టు చూసి. తువ్వాల విప్పి, చెయ్యి పొడిగా తుడుచుకుని, బట్ట అంచు మీద అరచేయి ఆనించాడు. చల్లగా తగిలింది.

మెల్లగా జరిపాడు. జాన మేర జరిగింది. మూర మేర జరిగింది. సడి లేదు. సత్యమ్మ ఊపిరి వదిలింది. కురుమూర్తి చెయ్యి రాయి మీదికి పోయింది.

చిటికెనవేలి కింద, అప్పట్లో గుండు ఒత్తిడికి తోలు చీలిన చోట ఒక పాత గరుకు గాటు ఉంది. దాన్ని తుకారాం మరిచిపోయాడు. బట్ట ఆ కొస దాకా చెయ్యి పోయి ఆగేటప్పుడు పట్టు పోగు రేగిన సన్నటి చప్పుడు ఒకటి అయింది. బయటివాళ్లకు అది వినపడేంత చప్పుడు కాదు. ఆ ఇంట్లో ముగ్గురూ విన్నారు.

సత్యమ్మ వంగి, పోగు మీదికి ముఖం పెట్టి చూసింది. తల ఎత్తి 'సరే' అనలేదు. పెరట్లో కురుమూర్తి చెయ్యి రాయి మీది నుంచి వెనక్కి వచ్చింది.